థర్మండ్: బండి ఆగినన్నాళ్ళే బతికిన ఊరు

అందరికీ నమస్కారం. ముందు వరసలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలు కనిపిస్తున్నారు. ఇవాళ్టి ప్రసంగంలో సగం మీకు బాగా తెలిసిన పనే: షెడ్డు పని, యార్డు పని, షంటింగు. కాకపోతే అది జరిగిన చోటు అమెరికా. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, ఫాయెట్ కౌంటీ, న్యూ రివర్ అనే నది లోయలో థర్మండ్ అనే ఊరు.

2020 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో తేలినవాళ్ళు 5 మంది. 2010లోనూ 5 మందే. అయినా చట్టప్రకారం అదొక పురపాలక సంఘం, మేయరూ కౌన్సిలూ ఉంటాయి. 2005 ఎన్నికల నాటికి జనం ఏడుగురు. వాళ్ళలో ఆరుగురు ఏదో ఒక పదవికి పోటీ చేశారు. ఇంత చిన్న ఊళ్ళో వరసగా పెద్ద పెద్ద భవనాలున్నాయి. 1904లో కట్టిన మాన్కిన్-కాక్స్ భవనం, దాని తర్వాత గుడ్‌మన్-కిన్‌కెయిడ్ భవనం, నాలుగంతస్తుల నేషనల్ బ్యాంకు. వాటి ముందు వీధి లేదు. గుమ్మం దిగితే సన్నటి నడకదారి, నడకదారి దాటితే మెయిన్ లైను పట్టాలు. బజారుకు ఎదురువరస కూడా లేదు. ఎదురుగా ఉన్నది యార్డూ, దాని వెనక నదీ.

థర్మండ్ గురించి ఎవరు రాసినా “రైలు వచ్చింది, ఊరు పుట్టింది. రైలు పోయింది, ఊరు పోయింది” అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మొదటి ముక్క సరే. రెండోది తప్పు. ఆ లైను మీద ఈనాటికీ బండ్లు నడుస్తున్నాయి, సీఎస్ఎక్స్ కంపెనీ బొగ్గు బండ్లు ఆ బ్యాంకు గుమ్మం ముందు నుంచే పోతున్నాయి. బండి పోతూనే ఉంది, ఊరు మాత్రం ఖాళీ అయింది. ఎందుకంటే ఊరికి తిండి పెట్టింది బండి రావడం కాదు, వచ్చిన బండి అక్కడ ఆగడం. ఆగితే దానికి పని చెయ్యాలి, పని చెయ్యడానికి మనుషులు కావాలి, ఆ మనుషులకు గది కావాలి, భోజనం కావాలి, క్షవరం కావాలి, డబ్బు దాచుకోవడానికి బ్యాంకు కావాలి. ఏ పని కోసం ఆగేవి, ఎంతసేపు ఆగేవి, ఆ అవసరం ఎలా తీరిపోయింది అన్నది తెలిస్తేనే ఈ ఊరు మనకు అర్థమవుతుంది. అందుకే షెడ్డు దగ్గరా యార్డు దగ్గరా కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

ముందు చోటు చూద్దాం. న్యూ రివర్ అపలాచియన్ పీఠభూమిని కోసుకుంటూ ఉత్తరానికి ప్రవహిస్తుంది. లోయ లోతు సగటున 1,000 అడుగులు. నది కొండను అలా కోసెయ్యడంతో బొగ్గు పొరలు రెండు పక్కలా వాలు మధ్యలో బయటపడ్డాయి. మన సింగరేణిలో లాగా ఇంక్లైను వేసుకుని భూమిలోకి దిగాల్సిన పనిలేదు, వాలులో కనిపిస్తున్న పొర పట్టుకుని కొండలోకి అడ్డంగా తొలుచుకుపోవడమే. బొగ్గు కూడా మేలు రకం. పొగ తక్కువ, వేడి ఎక్కువ, ఇనుము కరిగించే కొలుముల్లో వాడే కోకు చెయ్యడానికి అనువైనది. లోపమల్లా దాన్ని బయటికి తెచ్చే దారి లేకపోవడం. నదిలో అడుగడుగునా రాళ్ళు, సుడులు, పడవ నడవదు. బండిబాట వెయ్యడానికి లోయ అడుగున చదునైన నేలే లేదు.

చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే, అందరూ సీ అండ్ ఓ అంటారు, కొలిస్ హంటింగ్‌టన్ చేతికి వచ్చాక ఆ లోయలోంచి లైను వేసింది. తూర్పు నుంచి ఒక ముఠా, పడమర నుంచి ఒక ముఠా వేసుకుంటూ వచ్చి 1873 జనవరి 29న హాక్స్ నెస్ట్ దగ్గర కలిశాయి. రిచ్‌మండ్ నుంచి ఒహాయో నది దాకా దారి తెరుచుకుంది. అదే ఏడాది క్వినిమాంట్ నుంచి ఈ లోయ బొగ్గు మొదటిసారి బండెక్కింది. అదే ఏడాది విలియం డాబ్నీ థర్మండ్ అనే ఆయన, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన కెప్టెనుగా చేసిన మనిషి, సర్వే పనికి కూలీ కింద 73 ఎకరాలు పుచ్చుకున్నాడు. డబ్బుకు బదులు వచ్చిన కొండవాలు నేల అది.

ఆ లోయలో లైను పక్క వెలిసిన గని ఊళ్ళు చాలా ఉన్నాయి. బ్యాంకులూ హోటళ్ళూ థర్మండ్‌కే రావడానికి కారణం ఎదుటి ఒడ్డున నదిలో కలిసే డన్‌లూప్ వాగు. వాగు తెచ్చిన లోయలోంచి తప్ప పైనున్న పీఠభూమి గనులకు రైలు ఎక్కే దారి లేదు. ఆ వాగు పొడుగునా వేల ఎకరాలు థామస్ మెకెల్ చేతిలో ఉన్నాయి, ఆయన భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. ఆమె పేరు మీదే గ్లెన్ జీన్ అనే ఊరు. మెకెల్ రైల్వేతో మాట్లాడుకుని వాగు వెంట బ్రాంచి లైను వేయించాడు, నది మీద వంతెన పడింది. పక్క వాగు వెంట మరో బ్రాంచి వేశారు. దాంతో మెయిన్ లైనుకు ఎగువ గనుల బొగ్గు, దిగువ గనుల బొగ్గు, బ్రాంచీల బొగ్గు అన్నీ థర్మండ్ యార్డులోనే కలవాల్సి వచ్చింది.

ఇప్పుడు యార్డులోకి వెళదాం. అక్కడ రోజూ పొద్దున్నే మొదలయ్యే పని ఖాళీ వ్యాగన్లు పంచడం. ప్రతి గనికీ రోజుకు ఎంత బొగ్గు తియ్యగలదో రైల్వే లెక్కగట్టి ఒక రేటింగు ఇచ్చేది. వ్యాగన్లు చాలని రోజున, అంటే చాలా రోజులు, ఆ రేటింగు నిష్పత్తిలో పంచేవారు. గనిలో పనివాడికి ఇది చావుబతుకుల లెక్క. ఖాళీ వ్యాగను రాకపోతే తీసిన బొగ్గు పొయ్యడానికి చోటు లేదు, ఆ రోజు పని లేదు, కూలీ లేదు. గని యజమానులకూ రైల్వేకూ ఎడతెగని తగవు ఇదే.

ఖాళీలు తీసుకుని ఇంజను బ్రాంచి ఎక్కుతుంది. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు, ఇద్దరు బ్రేక్‌మన్లు. గని దగ్గర కొండ మీంచి జారుడు తొట్టి గుండా గానీ తాడు కట్టిన పెట్టెల్లో గానీ బొగ్గు పట్టాల పక్కనున్న జల్లెడ మందిరానికి దిగుతుంది. అక్కడ ముక్కల సైజు ప్రకారం జల్లించి, కింద ఉన్న వ్యాగన్లలోకి వదులుతారు. నట్టల్‌బర్గ్ గనిని 1920లలో హెన్రీ ఫోర్డ్ కంపెనీ లీజుకు తీసుకుని, కొండ మీంచి బొగ్గు దింపడానికి 1,385 అడుగుల కన్వేయరు కట్టింది. తాడుకు ఇనప బిళ్ళలు బిగించి, తొట్టిలో బొగ్గు మరీ వేగంగా జారి పొడి కాకుండా ఆ బిళ్ళలతో ఆపుతూ దింపడం అందులో ఉపాయం. ముక్క చితికితే ధర పడిపోతుంది మరి.

ఇక్కడ ఇంజను చెయ్యాల్సిన పనిలో ఒక నియమం ఉంది. ఖాళీలను జల్లెడ మందిరానికి ఎగువన పెట్టాలి, నిండినవి దిగువన తీసుకోవాలి. గని దగ్గర ఇంజను ఉండదు కాబట్టి మనిషి ఒక్కో వ్యాగను ఎక్కి చేతిబ్రేకు వదిలి, వాలులో దాన్ని మెల్లగా జారనిచ్చి, సరిగ్గా తొట్టి కింద ఆపి నింపించి, మళ్ళీ వదిలి దిగువన నిండిన వ్యాగన్ల వరసకు ఆనిస్తాడు. బ్రేకు గొలుసు సాగి ఉన్నా, పట్టా మీద మంచు పేరినా, ఆకులు రాలి నలిగి జిగటైనా వ్యాగను ఆగదు. నిండిన వ్యాగన్ల మీదికి పోయి గుద్దుతుంది, మధ్యలో మనిషి ఉంటే అంతే. వ్యాగను ఎక్కేముందు బ్రేకు చక్రం ఒకసారి బిగించి, దిమ్మె చక్రానికి ఆనుతోందో లేదో కిందికి వంగి చూసుకోవడం అందుకే.

నిండిన వ్యాగన్లతో కిందికి రావడం ఇంకో పరీక్ష. వాక్యూమ్ బ్రేకు మీద పనిచేసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించవచ్చు. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకు బండిలో డ్రైవరు బ్రేకు వదిలి మళ్ళీ గాలి నింపుకుంటున్న కాసేపు వ్యాగన్లకు పట్టు ఉండదు. పొడుగాటి వాలులో ఆ కాసేపటిలోనే బండి చెయ్యి దాటిపోతుంది. అందుకని దిగబోయేముందు బ్రేక్‌మన్లు ఒక్కో వ్యాగను దగ్గరికీ వెళ్ళి రిటైనరు వాల్వు పిడి తిప్పుతారు. అది సిలిండరులో కొంత గాలిని పట్టి ఉంచుతుంది, డ్రైవరు గాలి నింపుకునేలోపు చక్రం మీద కొంత ఒత్తిడి మిగిలి ఉంటుంది. దిగువకు వచ్చాక మళ్ళీ నడిచి అన్నీ తిప్పెయ్యాలి. ఒక్కటి మరిచినా ఆ వ్యాగను బ్రేకు ఈడ్చుకుంటూనే వస్తుంది, చక్రం కాగి నీలమెక్కుతుంది, అలా మైళ్ళు పోతే చక్రం పగులుతుంది. ఇంత పనీ నలుగురైదుగురు మనుషులు ఎండలోనూ మంచులోనూ నడుస్తూ చెయ్యాల్సిందే.

యార్డుకు చేరిన వ్యాగన్లను రెండు దిక్కులుగా విడదియ్యాలి. తూర్పుకు వెళ్ళేవి న్యూపోర్ట్ న్యూస్ రేవుకు, అక్కడ ఓడలకు. పడమరకు వెళ్ళేవి ఒహాయో ఫ్యాక్టరీలకు, పెద్ద సరస్సుల రేవులకు. బండి కట్టాక గొట్టాలు కలిపి, గాలి పూర్తిగా ఎక్కించి, బ్రేకు వేసి, చివరి దాకా నడిచి ప్రతి దిమ్మె పట్టిందో లేదో చూసి, వదిలి, మళ్ళీ చూసుకుంటూ రావాలి. చలికాలం రబ్బరు వాషర్లు గట్టిపడి గొట్టాల మూతుల దగ్గర గాలి కారుతుంది. ఒక్కొక్కటే వెతికి మార్చేసరికి గంటలు గడిచిపోయేవి.

ఇది వ్యాగన్ల సంగతి. ఇంజను సంగతి దీనికన్నా పెద్దది, ఊరికి అసలు ఆధారం అదే.

ఆవిరి ఇంజనుకు నీళ్ళు ఇరవై ముప్పై మైళ్ళకోసారి కావాలి. వాలు ఎక్కుతూ బరువు లాగుతుంటే ఇంకా ముందే కావాలి. సీ అండ్ ఓ వాళ్ళ అన్నిటికన్నా పెద్ద ఇంజను అలెఘనీ, ముందు నుంచి వెనక్కి చక్రాల లెక్కన 2-6-6-6. వెనక నీళ్ళూ బొగ్గూ మోసే దాని టెండరులో 25,000 గ్యాలన్ల నీళ్ళు, 25 టన్నుల బొగ్గు పట్టేవి. అంత పెద్ద తొట్టె కట్టినా దారిలో ఆగి నింపుకోకుండా పని జరిగేది కాదు. బ్రాంచీల మీద తిరిగేవి దానికన్నా చిన్నవి, 2-6-6-2 మాలెట్లు. నడిపే చక్రాలు రెండు గుంపులుగా ఉండి, ముందు గుంపు పక్కలకు తిరగగలదు కాబట్టి మలుపుల్లో బాగా ఒదుగుతాయి.

ఇంజను షెడ్డుకు చేరగానే మొదటి మజిలీ బూడిద గొయ్యి. పొయ్యి అడుగు జాలీ కదిలించి బూడిద దులపాలి, కరిగి గడ్డకట్టిన చిట్టెం కొక్కేలతో విరిచి లాగాలి. చిట్టెం మిగిలితే గాలి పైకి రాదు, మంట ఒక పక్కే మండుతుంది, ఆవిరి పడిపోతుంది. మొత్తం నిప్పు ఆర్పెయ్యరు. చల్లారిన బాయిలరును మళ్ళీ ఆవిరికి తేవడానికి పూట పైన పడుతుంది, తొందరపడి వేడిచేస్తే రేకులు సమంగా వ్యాకోచించక అతుకులు కారతాయి. అందుకని కొంచెం నిప్పు పక్కకు నెట్టి, మీద పచ్చి బొగ్గు కప్పి నిద్రపుచ్చుతారు. దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి రాత్రంతా ఒక మనిషి.

తర్వాత బొగ్గు. థర్మండ్‌లో 1922లో కాంక్రీటుతో 500 టన్నుల బొగ్గు గోపురం కట్టారు, ఇప్పటికీ పట్టాల పక్కన నిలబడి ఉంది. వ్యాగను బొగ్గును కింద గోతిలోకి వదిలితే, బకెట్లు దాన్ని పైకి మోసుకెళ్ళి గోపురంలో పోస్తాయి. ఇంజను టెండరు కిందికి రాగానే తలుపు తెరిస్తే బొగ్గు తన బరువుతోనే దిగుతుంది. తడి బొగ్గు చలికి గడ్డకడితే తొట్టి మూతి మూసుకుపోతుంది. పైనుంచి ఇనప కడ్డీతో పొడిచేవాడి కింద బొగ్గు ఒక్కసారిగా జారిందంటే మనిషిని కూడా లాక్కుపోతుంది.

ఇసక చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొండ లైను మీద దాంతోనే బండి ఎక్కాలి. చక్రం జారినప్పుడు పట్టా మీద ఇసక రాల్చాలి. అది సన్నగా, గట్టిగా, అన్నిటికీ మించి పొడిగా ఉండాలి. షెడ్డులో పొయ్యి చుట్టూ పోసి ఆరబెట్టి, జల్లించి, ఇంజను మీద ఇసక పెట్టెలోకి ఎక్కించేవారు. కొంచెం తేమ ఉన్నా సన్నటి గొట్టంలో ముద్దకట్టి దిగదు, వాలు మధ్యలో బండి నిలిచిపోతుంది. అప్పుడు బండిని రెండు ముక్కలు చేసి, సగం పైకి చేర్చి, మిగతా సగానికి మళ్ళీ రావాలి. ఇదంతా ఒక గుప్పెడు తడి ఇసక తెచ్చిపెట్టే చేటు.

ఇక నీళ్ళు. నీళ్ళలో సున్నం ఉంటే గొట్టాలకు పొర కడుతుంది, వేడి నీటికి అందక ఇనుము కాలిపోతుంది. గనుల్లోంచి కారే నీళ్ళు కలిసిన వాగుల్లో ఆమ్లం ఉంటుంది, అది ఇనుమును కొరుకుతుంది. బాయిలరును నెలకు ఒకసారైనా ఖాళీచేసి కడగాలని బాయిలర్ల తనిఖీ కోసం తెచ్చిన 1911 చట్టం కింద వచ్చిన కేంద్ర నిబంధనలు నిర్దేశించాయి. కడగాలంటే మెల్లగా చల్లార్చాలి, మూతలు విప్పాలి, గొట్టం పెట్టి బురద తోడాలి, పరీక్షించాలి, మళ్ళీ బిగించి నిప్పు వెయ్యాలి. ఒక ఇంజను ఒకటి రెండు రోజులు పనికి రాదు, దాని బదులు ఇంకో ఇంజను ఉంచుకోవాలి.

నీటి మట్టం విషయంలో మాత్రం పొరపాటుకు తావే లేదు. పొయ్యి పైకప్పు రేకు మీద ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండాలి. మట్టం తగ్గి రేకు బయటపడితే నిమిషాల్లో ఎర్రగా కాలి మెత్తబడి కిందికి చీలిపోతుంది, బాయిలరులో ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ఆవిరిగా ఎగసిపడతాయి. 1953లో హింటన్ దగ్గర ఒక అలెఘనీ ఇంజను ఇలాగే పేలి సిబ్బంది ముగ్గురూ చనిపోయారు. గేజి అద్దం ఊది శుభ్రం చేసి నిజమైన మట్టం చూసుకోవడం షెడ్డులో మొదటి పాఠం.

బూడిద, బొగ్గు, ఇసక, నీళ్ళు, నూనె, తనిఖీ. ఒక్కో ఇంజనుకు గంటల తరబడి ఇంతమంది చేతులు పడాలి, రాత్రీ పగలూ. డ్యూటీ దిగిన సిబ్బంది మళ్ళీ పిలుపు వచ్చేదాకా ఊళ్ళోనే ఉండాలి. కాల్ బాయ్ లాంతరు పట్టుకుని గది గదికీ తిరిగి లేపేవాడు. మన పెద్దలకు ఈ కాల్ బాయ్ గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బ్యాంకు ఎందుకొచ్చిందో చూడండి. గనుల్లో జీతంలో చాలాభాగం కంపెనీ బిళ్ళల రూపంలో ఇచ్చేవారు, అవి కంపెనీ కొట్లోనే చెల్లేవి. రైల్వేవాళ్ళకు మాత్రం జీతం నగదు. గని యజమానులకు జీతాల రోజున నగదు రైల్లో రావాలి, దాన్ని దాచడానికి నమ్మకమైన చోటు కావాలి. చుట్టుపక్కల గనులన్నిటికీ బండి మీద అందే చోటు థర్మండే. అలా అక్కడి బ్యాంకులు రాష్ట్రంలోనే అత్యంత సంపన్నమైనవన్న పేరు తెచ్చుకున్నాయి. సీ అండ్ ఓ మొత్తం మీద సరకు రాబడిలో థర్మండ్ స్టేషనుదే పైచెయ్యి. రోజుకు 15 ప్యాసింజరు బండ్లు ఆగేవి, ఏడాదికి 95,000 మంది దాకా ప్రయాణికులు. ఇంత జరుగుతున్నా ఊరి జనాభా ఎన్నడూ 500 దాటినట్టు లేదు, పడుకోవడానికి నేల ఉంటే కదా. ఇళ్ళు వాలు మీద మెట్ల వరసలుగా ఉండేవి.

కెప్టెన్ థర్మండ్ నిష్ఠగల బాప్టిస్టు. తన నేల మీద మద్యం అమ్మనివ్వలేదు. మెకెల్ 1901లో వంతెన అవతల, ఊరి హద్దుకు బయట 100 గదుల డన్‌గ్లెన్ హోటలు కట్టాడు. మద్యం, జూదం, విందులు అన్నీ ఆ ఒడ్డున. పద్నాలుగేళ్ళు ఆగకుండా అక్కడ ఒక పేకాట నడిచిందని చెప్పుకుంటారు, దాన్ని కథగానే ఉంచుదాం. ఈ ఊరి గురించి మాట్లాడేవాళ్ళంతా ఆ హోటలు దగ్గరే ఆగిపోతారు, బూడిద గొయ్యి దాకా రారు. నా దృష్టిలో అది అన్యాయం. హోటలు గదులు నిండింది ఆ గొయ్యి పుణ్యాన.

దిగజారడం ఒక్కసారిగా జరగలేదు. 1921 దాకా థర్మండ్‌కు మోటారు రోడ్డు లేదు, రావాలన్నా పోవాలన్నా రైలే. రోడ్డు వచ్చాక వ్యాపారం లోయలోకి దిగుతుందని ఎవరైనా ఆశించి ఉంటారు. జరిగింది తిరగబడి జరిగింది. గనివాళ్ళు కారెక్కి పైన పీఠభూమి మీదున్న ఓక్ హిల్‌కూ బెక్లీకీ పోవడం మొదలుపెట్టారు. 1930లో డన్‌గ్లెన్ తగలబడింది. ఆర్థికమాంద్యంలో నేషనల్ బ్యాంకు మూతపడింది. అయినా ఊరు నిలిచింది, ఇంజన్లు ఆగుతున్నాయి కాబట్టి.

చివరి దెబ్బ డీజిలు. అమెరికాలో మిగతా కంపెనీలు డీజిలు వైపు పరుగెడుతుంటే సీ అండ్ ఓ గట్టిగా బిగబట్టింది, దాని రాబడే బొగ్గు మీద, బొగ్గు గనులే దాని ఖాతాదార్లు. 1947-48లో బొగ్గుతోనే నడిచే ఆవిరి టర్బైను ఇంజన్లు మూడు చేయించింది. అవి నిలవలేదు, బొగ్గు ధూళీ నీళ్ళూ చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లలోకి పోయి మాటిమాటికీ చెడిపోయేవి. 1950కి తుక్కు చేశారు. గని బ్రాంచీల కోసం 2-6-6-2లు 25 కావాలని బాల్డ్‌విన్ కంపెనీకి ఆర్డరిచ్చి, 10కి కుదించుకుంది. 1949లో వచ్చిన ఆఖరిది, నంబరు 1309, అమెరికా రైల్వేల కోసం బాల్డ్‌విన్ కట్టిన చిట్టచివరి ఆవిరి ఇంజను. 1956కల్లా సీ అండ్ ఓలో ఆవిరి ముగిసింది.

డీజిలు ఇంజనుకు దారిలో నీళ్ళు అక్కర్లేదు. బూడిద లేదు. ఒకసారి నింపితే వందల మైళ్ళు పోతుంది. మూడు నాలుగు ఇంజన్లు కలిపి కట్టినా తోలేది ఒక్క డ్రైవరే. పెద్ద మరమ్మతులు హంటింగ్‌టన్ అనే ఊళ్ళోని వర్క్‌షాపులో చేసుకుంటే చాలు. అంటే థర్మండ్ షెడ్డులో ఇందాక మనం చూసిన పనుల్లో ఇసక తప్ప పెద్దగా ఏదీ మిగల్లేదు. గనులు కూడా వరసగా ఆగాయి, నట్టల్‌బర్గ్ 1958లో, కేమూర్ 1962లో. మిగిలిన పెద్ద గనుల దగ్గర బొగ్గు బండికి బండి ఒకేచోట నిండుతుంది, దిక్కులవారీగా విడదీసే యార్డు అవసరమే లేదు.

హింటన్‌తో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టం. అది అదే లైను మీద ఎగువనున్న డివిజన్ కేంద్రం, సిబ్బంది మారే చోటు. దానికీ షెడ్డు పోయింది, అదీ చిక్కిపోయింది. కానీ అది కౌంటీ కేంద్రం, కోర్టూ కచేరీలూ ఉన్నాయి, చదునైన నేల ఉంది. ఇవాళ్టికీ 2,000 పైన జనం ఉన్నారు. థర్మండ్‌కు రైల్వే తప్ప రెండో ఆధారం లేదు. నెల్లూరు జిల్లాలోని మన రైల్వే ఊరు బిట్రగుంటలో ఆవిరి షెడ్డు ఆగాక ఏమైందో చూసినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. షెడ్డు కట్టిన రోజునే రెండో ఆధారం గురించి ఆలోచించాల్సింది, కానీ ఆ ఆలోచన చెయ్యడానికి అక్కడ స్థలమే లేకపోయింది.

నది 1978లో జాతీయ పరిరక్షణలోకి వచ్చింది. ఊరు 1984లో చారిత్రక స్థలాల జాతీయ జాబితాకెక్కింది. నేషనల్ పార్క్ సర్వీసు భవనాల్లో చాలావాటిని తీసుకుని, 1904 నాటి చెక్క స్టేషనును బాగుచేసి 1995లో సందర్శకుల కేంద్రంగా తెరిచింది. 2020 చివర్లో ఆ పరిరక్షిత ప్రాంతం నేషనల్ పార్క్ అండ్ ప్రిజర్వ్ అయింది.

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు కారులో ఐదారు గంటల్లో చేరవచ్చు. గ్లెన్ జీన్ నుంచి 7 మైళ్ళు వాగు వెంట ఇరుకు మలుపుల దారి, పెద్ద క్యాంపింగ్ బండ్లు తీసుకెళ్ళకండి. నది మీద వంతెన రైలుదే, పక్కన ఒక్క కారు పట్టే దారి. అవతల బండి ఉంటే ఇవతల ఆగాలి. స్టేషను వేసవిలోనే తెరిచి ఉంటుంది, ముందుగా చూసుకోండి. ముందు బొగ్గు గోపురం కిందికి వెళ్ళి తొట్టి మూతులు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి, ఇంజను ఎక్కడ నిలబడేదో తెలుస్తుంది. ఆ తర్వాత బ్యాంకు వరస. పట్టాల మీద నడవద్దు, అది బండ్లు నడుస్తున్న లైను. నది హోరులో మలుపు అవతలి బండి శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది, పిల్లల చెయ్యి వదలకండి.

రైల్లో వెళ్ళాలనుకుంటే న్యూయార్క్ నుంచి చికాగోకు వెళ్ళే ఆమ్‌ట్రాక్ కార్డినల్ వారానికి మూడు రోజులు ఈ దారిన పోతుంది, వాషింగ్టన్‌లో ఎక్కవచ్చు. థర్మండ్‌లో టికెట్టు కౌంటరు లేదు. అక్కడ ఎక్కేవాళ్ళో దిగేవాళ్ళో ఉంటేనే బండి ఆపుతారు, కాబట్టి టికెట్టు ముందే కొనుక్కోండి. తిరుగు బండి ఏ రోజో కూడా అప్పుడే చూసుకోండి, ఊళ్ళో రాత్రికి గది దొరకదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.